చార్జర్ తీయగానే లాప్‌టాప్ స్క్రీన్ మినుకుమంటోందా? ప్యానెల్ మార్చే ముందు ఇవి చేసి చూడండి

"చార్జర్ పెట్టి ఉంటే బాగానే ఉంటోంది, తీయగానే స్క్రీన్ మినుకుమంటోంది. షాపులో చూపిస్తే డిస్‌ప్లే పోయింది, ప్యానెల్ మార్చాలన్నారు. మార్చమంటారా?" గుంటూరు బ్రాడీపేటలో మా వీధి పిల్లలు, విజయవాడలో బీటెక్ చదివే మా బంధువుల పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఒక్కొక్కరికీ ఫోన్లో విడివిడిగా చెబుతుంటే ఏదో ఒక మెట్టు మర్చిపోతున్నాను. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు ఒక సంగతి చెప్పాలి. మా చెల్లెలి లాప్‌టాప్‌కు ఇదే వచ్చింది. ఒక షాపులో ప్యానెల్ మార్చారు. మూడో రోజు రాత్రి మళ్లీ అదే మినుకు. ఆ డబ్బు తను హాస్టల్ ఫీజు కోసం దాచుకున్నది. చివరికి సెట్టింగ్స్‌లో ఒక్క బటన్ ఆఫ్ చేస్తే తగ్గిపోయింది. ఆ బటన్ ఏదో ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

జరిగేది ఏమిటంటే: స్క్రీన్ మీద బొమ్మ కదలకపోయినా గ్రాఫిక్స్ చిప్ దాన్ని మామూలుగా సెకనుకు 60 సార్లు ప్యానెల్‌కు పంపుతూనే ఉంటుంది. బ్యాటరీ ఆదా కోసం, బొమ్మ మారనప్పుడు పంపడం ఆపేసి, ప్యానెల్ తన దగ్గరున్న చిన్న మెమరీలోంచే ఆ బొమ్మను చూపించేలా ఒక ఏర్పాటు ఉంది. దాని పేరు ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్, పొట్టిగా పీఎస్ఆర్. మీరు మౌస్ కదపగానే మళ్లీ పంపడం మొదలవ్వాలి. ఆ ఆపడం, మొదలుపెట్టడం చూసుకునేది గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే ఆ చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్. అందులో బగ్ ఉంటే సరిగ్గా అక్కడే తడబడి స్క్రీన్ మినుకుమంటుంది, లేదా ఒకటి రెండు సెకన్లు బిగుసుకుపోతుంది. థియరీ ఇంతవరకు చాలు.

దీన్నిబట్టే ఒక మంచి గుర్తు దొరుకుతుంది. పీడీఎఫ్ చదువుతున్నప్పుడు, వర్డ్‌లో టైప్ చేస్తూ ఆగినప్పుడు మినుకు వచ్చి, సినిమా చూస్తున్నంతసేపూ రాకపోతే అనుమానం పీఎస్ఆర్ మీదే పెట్టుకోండి. సినిమాలో బొమ్మ ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది కాబట్టి చిప్‌కు పంపడం ఆపే వీలుండదు.

దగ్గర పెట్టుకోవలసినవి

- చార్జర్, కనీసం సగం నిండిన బ్యాటరీ. ఈ పరీక్షలు చాలావరకు బ్యాటరీ మీదే చేయాలి.
- హెచ్‌డీఎంఐ కేబుల్, ఇంట్లో టీవీ. మానిటర్ ఉంటే మరీ మంచిది.
- బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) రికవరీ కీ. ఇది 48 అంకెలు ఉంటుంది. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో వెతికి కాగితం మీద రాసుకోండి. కొత్త లాప్‌టాప్‌లలో, కింద చెప్పబోయే సేఫ్ మోడ్‌లోకి వెళ్లేటప్పుడు ఇది అడగవచ్చు. అప్పుడు చేతిలో లేకపోతే చాలా టెన్షన్.
- లాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద ఉన్న మోడల్ పేరు, సీరియల్ నంబర్ లేదా సర్వీస్ ట్యాగ్.
- ఫోన్, కాగితం, పెన్ను. మార్చిన ప్రతిదీ రాయాలి. మినుకు వచ్చినప్పుడు వీడియో తీయాలి.

మొదట: తప్పు డ్రైవర్‌దా, ప్యానెల్‌దా?

ఈ భాగం దాటేసి నేరుగా సెట్టింగ్స్‌లోకి వెళ్లకండి. మా చెల్లెలి విషయంలో జరిగిన పొరపాటు ఇదే, ఎవరూ ఇది తేల్చుకోలేదు.

1. చార్జర్ తీసి, బ్రైట్‌నెస్ మధ్యలో పెట్టి, నోట్‌ప్యాడ్ తెరిచి రెండు నిమిషాలు ఏమీ ముట్టుకోకుండా ఉంచండి. తర్వాత మౌస్ కొంచెం కదపండి. ఇలా పదిసార్లు చేసి ఎన్నిసార్లు మినుకుమందో రాసుకోండి. తర్వాత చార్జర్ పెట్టి ఇదే పదిసార్లు చేయండి. ఈ రెండు అంకెలే మీ కొలబద్ద, చివర్లో మళ్లీ వీటితోనే పోల్చాలి.

చార్జర్ తీసిన ఆ క్షణంలో, లేదా కరెంటు పోయినప్పుడు ఒక్కసారి నల్లబడి వెంటనే వెలిగితే దాన్ని లెక్కలో వేయకండి. చాలా లాప్‌టాప్‌లలో బ్యాటరీకి మారగానే రిఫ్రెష్ రేట్ (సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు వస్తుందనే లెక్క) తగ్గుతుంది, అప్పుడు అలా ఒకసారి అవుతుంది.

2. స్క్రీన్ మూతను మెల్లగా ముందుకూ వెనక్కూ వంచండి. వంపు మారినప్పుడల్లా మినుకు మారుతుంటే అది హింజ్ (మూత కీలు) దగ్గర నలిగిన డిస్‌ప్లే కేబుల్ పని. సెట్టింగ్స్‌తో తగ్గదు, ఇక్కడే ఆగి షాపుకు వెళ్లండి. కేబుల్ మార్చమనండి, ప్యానెల్ కాదు.

3. లాప్‌టాప్ ఆన్ చేస్తూ బయాస్‌లోకి, అంటే విండోస్ మొదలవ్వకముందే తెరుచుకునే సెట్టింగ్స్ స్క్రీన్‌లోకి వెళ్లండి. డెల్, ఏసర్, ఆసుస్‌లలో చాలావరకు ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, లెనోవోలో ఎఫ్1 లేదా ఎఫ్2. చార్జర్ లేకుండా ఆ స్క్రీన్‌ను పది నిమిషాలు అలాగే ఉంచండి. అక్కడ ఏమీ మార్చవద్దు, చూడడమే. బయాస్‌లో విండోస్ డ్రైవర్ ఉండదు. అక్కడ కూడా మినుకుమంటే తప్పు హార్డ్‌వేర్‌ది. అక్కడ నిశ్చలంగా ఉండి విండోస్‌లోకి రాగానే మొదలైతే డ్రైవర్ మీద అనుమానం గట్టిపడుతుంది. నన్ను అడిగితే అన్నిటికన్నా విలువైన పరీక్ష ఇదే. పైసా ఖర్చు లేదు, పది నిమిషాల్లో తేలిపోతుంది.

4. హెచ్‌డీఎంఐతో టీవీకి కలిపి, రెండు స్క్రీన్లలో ఒకే బొమ్మ వచ్చేలా పెట్టండి. టీవీ బాగుండి లాప్‌టాప్ స్క్రీన్ మాత్రమే మినుకుమంటే, బయాస్‌లో కూడా బాగుంటే, ఇక చూడవలసింది పీఎస్ఆరే. పీఎస్ఆర్ లాప్‌టాప్ సొంత ప్యానెల్‌కే వర్తిస్తుంది. రెండూ ఒకేసారి నల్లబడి తిరిగి వస్తుంటే గ్రాఫిక్స్ చిప్పే ఆగిపోయి లేస్తోందన్నమాట, అలాంటప్పుడు 9వ మెట్టు మీకు ముఖ్యం.

5. మినుకుతున్నప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. దానితో సహా అంతా మినుకుమంటే డ్రైవర్. టాస్క్ మేనేజర్ మాత్రం నిలకడగా ఉండి మిగతావి మినుకుమంటే ఈమధ్య వేసుకున్న ఏదో ప్రోగ్రామ్ కారణం. దాన్ని తీసేసి చూడండి.

ఇంకా అనుమానం ఉంటే సేఫ్ మోడ్ ఉంది. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొట్టండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, తర్వాత 4. అక్కడ విండోస్ తన సాదా డ్రైవర్‌తో నడుస్తుంది, మినుకు రాకపోతే మీ డ్రైవరే దోషి.

ఇక్కడ మన ఊళ్ల ఎండ గురించి ఒక మాట. మే నెలలో గుంటూరు, విజయవాడల్లో 44 డిగ్రీలు దాటిన రోజున లాప్‌టాప్ స్క్రీన్ ఆగితే అందరూ వేడి వల్లే అనుకుంటారు. వేడి వల్ల వచ్చే ఇబ్బంది పని ఎక్కువైనప్పుడు వస్తుంది: గేమ్ ఆడుతున్నప్పుడు, వీడియో ఎడిట్ చేస్తున్నప్పుడు, ఫ్యాన్ హోరెత్తుతున్నప్పుడు. బ్యాటరీ ఆదా ఏర్పాటులోని బగ్ దానికి తిరగబడి ఉంటుంది. పని లేక చిప్ విశ్రాంతి తీసుకునేటప్పుడు వస్తుంది. ఎప్పుడు వస్తోందో గమనిస్తే ఈ రెంటినీ కలగాపులగం చేయరు.

ఇంకో మాట: చార్జర్ పెట్టినప్పుడే టచ్‌ప్యాడ్ పిచ్చిపిచ్చిగా గెంతుతుంటే ముందు ఎర్తింగ్ చూడండి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌తో పెట్టే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. దానికీ డ్రైవర్‌కూ సంబంధం లేదు.

ఇప్పుడు బాగుచేయడం

ఒక నియమం పెట్టుకోండి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. మార్చాక రీస్టార్ట్ చేసి, 1వ మెట్టులోని పదిసార్ల పరీక్ష మళ్లీ చేయాలి. తగ్గితే అక్కడే ఆగాలి.

6. రీస్టోర్ పాయింట్ పెట్టుకోండి, ఏదైనా చెడితే సెట్టింగ్స్‌ను ఇప్పటి స్థితికి తిరిగి తెచ్చుకోవచ్చు. స్టార్ట్‌లో "క్రియేట్ ఎ రీస్టోర్ పాయింట్" అని వెతికి తెరవండి. ప్రొటెక్షన్ ఆఫ్ అని ఉంటే కాన్ఫిగర్‌లోకి వెళ్లి ఆన్ చేసి, క్రియేట్ నొక్కండి.

7. పీఎస్ఆర్ ఆఫ్ చేయండి. ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్నవాళ్లు ఇంటెల్ గ్రాఫిక్స్ కమాండ్ సెంటర్ తెరవండి. లేకపోతే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఎడమవైపు సిస్టమ్, అందులో పవర్, అందులో ఆన్ బ్యాటరీ. అక్కడ ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ కనిపిస్తుంది, ఆఫ్ చేయండి. పాత లాప్‌టాప్‌లలో ఇంటెల్ గ్రాఫిక్స్ కంట్రోల్ ప్యానెల్ ఉంటుంది, అందులోనూ పవర్, ఆన్ బ్యాటరీ కిందే ఉంటుంది. కొత్త మోడళ్లలో ఇంటెల్ గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ అనే వేరే యాప్ వస్తోంది, అందులో డిస్‌ప్లే విభాగంలో వెతకండి.

ఆఫ్ చేశాక "షట్ డౌన్" చేసి మళ్లీ ఆన్ చేయడం కాదు, "రీస్టార్ట్" నొక్కండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్ డౌన్ చేసినా డ్రైవర్ల పాత స్థితిని డిస్క్‌లో దాచుకుని, ఆన్ చేయగానే దాన్నే తిరిగి ఎత్తుకుంటుంది. "మీరు చెప్పినట్టే చేశాను, తగ్గలేదు" అని నాకు ఫోన్ చేసినవాళ్లలో ఎంతోమందికి ఒక్క రీస్టార్ట్‌తో తగ్గింది.

8. మినుకు కాకుండా వెలుగు హెచ్చుతగ్గులు అవుతుంటే, అంటే తెల్ల పేజీ తెరిస్తే మెల్లగా పెరిగి, నల్లటి పేజీకి మెల్లగా తగ్గుతుంటే, అది బగ్ కాదు, అదీ ఆదా సెట్టింగే. పై ఇంటెల్ పేజీలోనే డిస్‌ప్లే పవర్ సేవింగ్స్ ఆఫ్ చేయండి. ఏఎండీ గ్రాఫిక్స్ అయితే ఏఎండీ సాఫ్ట్‌వేర్‌లో డిస్‌ప్లే కింద వేరీ బ్రైట్ ఉంటుంది, దాన్ని ఆఫ్ చేయండి. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, బ్రైట్‌నెస్ పక్కన బాణం గుర్తు నొక్కితే "చేంజ్ బ్రైట్‌నెస్ బేస్డ్ ఆన్ కంటెంట్" అని వస్తుంది. అదీ ఆఫ్. అన్ని లాప్‌టాప్‌లలో ఇవి కనిపించవు, కనిపించకపోతే కంగారు పడకండి.

9. స్క్రీన్ మొత్తం ఆగిపోయి, నల్లబడి, తిరిగి వస్తుంటే, ముఖ్యంగా వేరే గ్రాఫిక్స్ కార్డు ఉన్న లాప్‌టాప్ అయితే, ఇది చూడండి. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, చేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, చేంజ్ అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగ్స్. అందులో పీసీఐ ఎక్స్‌ప్రెస్ కింద లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్‌ను ఆన్ బ్యాటరీ దగ్గర ఆఫ్ చేయండి. కార్డుకూ ప్రాసెసర్‌కూ మధ్య దారిని నిద్రపుచ్చే సెట్టింగ్ ఇది. కొత్త లాప్‌టాప్‌లలో చాలావాటికి ఈ వరుసే కనిపించదు, అప్పుడు తర్వాతి మెట్టుకు వెళ్లండి.

ఎన్విడియా కార్డు ఉంటే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మేనేజ్ 3డీ సెట్టింగ్స్ కింద పవర్ మేనేజ్‌మెంట్ మోడ్ ఉంటుంది. దాన్ని ప్రిఫర్ మ్యాక్సిమమ్ పెర్ఫార్మెన్స్ చేయమని చాలామంది సలహా ఇస్తారు. చేయండి, కానీ గ్లోబల్ సెట్టింగ్స్‌లో కాదు. ప్రోగ్రామ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఆగిపోతున్న ఆ ఒక్క ప్రోగ్రామ్‌కే పెట్టండి. అన్నిటికీ పెడితే కార్డు ఎక్కువ సేపు వేగంగానే తిరుగుతూ, మన ఎండల్లో వేడి, ఫ్యాన్ మోత, తొందరగా దిగే బ్యాటరీ మిగులుతాయి.

10. డ్రైవర్ మార్చడం. పై సెట్టింగ్స్ దొరకనివాళ్లకు, దొరికినా తగ్గనివాళ్లకు ఇది. ఈమధ్యే, ఒక అప్‌డేట్ తర్వాత మొదలైతే ముందు వెనక్కి వెళ్లండి. విండోస్ కీ, ఎక్స్ నొక్కి డివైస్ మేనేజర్, డిస్‌ప్లే అడాప్టర్స్, మీ చిప్ పేరు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డ్రైవర్, రోల్ బ్యాక్ డ్రైవర్. ఆ బటన్ మసకగా ఉంటే పాతది మిగల్లేదని అర్థం.

అప్పుడు లాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ సీరియల్ నంబర్ కొట్టి, మీ మోడల్‌కు ఇచ్చిన గ్రాఫిక్స్ డ్రైవర్ దించుకోండి. చిప్ కంపెనీ ఇచ్చే కొత్త డ్రైవర్ కన్నా ముందు దీన్నే ప్రయత్నించమంటాను, మీ ప్యానెల్‌ను దృష్టిలో పెట్టుకుని సర్దినది ఇదే కాబట్టి. ఫైలు దించి పెట్టుకున్నాకే నెట్ ఆపి, డివైస్ మేనేజర్‌లో అన్ఇన్‌స్టాల్ డివైస్ నొక్కండి. అక్కడ డ్రైవర్‌ను కూడా తీసేయమని అడిగే చిన్న గడిలో టిక్ పెట్టండి. టిక్ పెట్టకపోతే రీస్టార్ట్ కాగానే అదే పాత డ్రైవర్ మళ్లీ వచ్చి కూర్చుంటుంది. స్క్రీన్ పెద్ద అక్షరాలతో వింతగా కనిపిస్తే భయపడకండి, సాదా డ్రైవర్ మీద నడుస్తోంది. రీస్టార్ట్ చేసి, దించిన ఫైలు ఇన్‌స్టాల్ చేసి, మళ్లీ రీస్టార్ట్ చేయండి. రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉంటే ముందు ఇంటెల్ లేదా ఏఎండీ లోపలి చిప్‌ది, తర్వాతే ఎన్విడియాది.

ఇదంతా అయ్యాక నెట్ కలపగానే విండోస్ అప్‌డేట్ పాత తప్పు డ్రైవర్‌నే తిరిగి దించవచ్చు. సెట్టింగ్స్, విండోస్ అప్‌డేట్‌లో పాజ్ అప్‌డేట్స్ పెట్టి ఒక వారం చూడండి. శాశ్వతంగా ఆపవద్దు, సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా ఆగిపోతాయి. విండోస్ 10 వాడేవాళ్లకు మరో విషయం: దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది. మీ లాప్‌టాప్ విండోస్ 11 తీసుకోగలిగితే ఈ పనితోపాటే మారడం మంచిది.

ఉబుంటు వాడేవాళ్లకు

ల్యాబ్ కోసం ఉబుంటు వేసుకున్న పిల్లలు చాలామంది అడుగుతున్నారు. ఇక్కడ పని ఇంకా సులువు, ఎందుకంటే ఏదీ శాశ్వతంగా మార్చకుండానే ఒక్కసారికి పరీక్షించుకోవచ్చు. ఆన్ చేసేటప్పుడు గ్రబ్ మెనూ తెప్పించి, ఉబుంటు వరుస మీద ఉండగా "ఇ" అక్షరం నొక్కండి. లినక్స్ అనే మాటతో మొదలయ్యే పొడవాటి వరుస చివరికి వెళ్లి ఒక ఖాళీ వదిలి టైప్ చేయండి. చదివినట్టు రాస్తున్నాను, మీరు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో, మధ్యలో ఖాళీలు లేకుండా కొట్టండి: ఐ, 915, చుక్క, ఎనేబుల్, అండర్‌స్కోర్, పీఎస్ఆర్, ఈక్వల్ గుర్తు, సున్నా. మొదటి "ఐ" ఒక్క అక్షరమే. తర్వాత ఎఫ్10 నొక్కితే ఆ ఒక్కసారికి పీఎస్ఆర్ లేకుండా బూట్ అవుతుంది. ఇది ఇంటెల్ ఐ915 డ్రైవర్‌కు మాత్రమే. మినుకు తగ్గితేనే అదే మాటను ఈటీసీ ఫోల్డర్ లోపలి డిఫాల్ట్ ఫోల్డర్‌లో ఉన్న గ్రబ్ ఫైలులో, క్వైట్ స్ప్లాష్ అనే మాటల పక్కన, కోట్స్ లోపలే చేర్చి, టెర్మినల్‌లో సుడో అప్‌డేట్-గ్రబ్ కొట్టండి. కోట్స్ బయట పెట్టడం ఇక్కడ మామూలుగా జరిగే తప్పు.

తగ్గిందని ఎలా తేల్చుకోవాలి?

ఒక పూట బాగుంటే తగ్గిందనుకోవద్దు. 1వ మెట్టులో రాసుకున్న అంకె తీసి, బ్యాటరీ మీద మళ్లీ పదిసార్లు చేయండి. పదికి ఆరు వచ్చినది సున్నా అయితే సరే. ఆరు నుంచి రెండుకు దిగితే అది తగ్గినట్టు కాదు, ఇంకో కారణం మిగిలి ఉంది. లాప్‌టాప్‌ను నిద్రపుచ్చి లేపి కూడా చూడండి. విజయవాడ ప్యాసింజర్‌లో తెరిచి మూసి, తెరిచి మూసి వాడే పిల్లలకు మినుకు తిరగబెట్టేది ఎక్కువగా అక్కడే.

స్క్రీన్ నల్లబడి తిరిగి వచ్చే రకానికి లెక్క చూసుకునే చోటు కూడా ఉంది. ఈవెంట్ వ్యూయర్ తెరిచి విండోస్ లాగ్స్, సిస్టమ్, ఫిల్టర్ కరెంట్ లాగ్‌లో 4101 అని కొట్టండి. డిస్‌ప్లే డ్రైవర్ ఆగి తిరిగి లేచిన సందర్భాలు తేదీలతో కనిపిస్తాయి. మీరు సెట్టింగ్ మార్చిన తేదీ తర్వాత వారం రోజులు కొత్తవి రాకపోతే ఆ పని ఫలించినట్టే. పీఎస్ఆర్ మినుకు మాత్రం మామూలుగా ఈ లాగ్‌లో కనిపించదు, అందుకే పదిసార్ల పరీక్ష వదలవద్దన్నాను.

బ్యాటరీ ఎంత తగ్గిందో కూడా చూసుకోండి. ఒకే బ్రైట్‌నెస్‌లో ఒక గంట పీడీఎఫ్ చదివి ఎంత శాతం దిగిందో, పీఎస్ఆర్ ఆన్‌లో ఒకసారి, ఆఫ్‌లో ఒకసారి రాయండి. మా చెల్లెలి లాప్‌టాప్‌లో తేడా తనకు తెలియనంత తక్కువ. మీకు ఎక్కువగా అనిపిస్తే రెండు మూడు నెలలకోసారి కొత్త డ్రైవర్ వేసి, పీఎస్ఆర్ ఆన్ చేసి చూడండి, ఈలోగా బగ్ సరిచేసి ఉండవచ్చు.

ఎక్కువగా చేసే తప్పులు

అన్ని ఆప్షన్లూ ఒకేసారి ఆఫ్ చేసేయడం. మినుకు తగ్గుతుంది, దేనివల్ల తగ్గిందో తెలియదు, బ్యాటరీ మాత్రం తొందరగా దిగడం మొదలవుతుంది.

ఉచిత "డ్రైవర్ అప్‌డేటర్" యాప్‌లు దించడం. దయచేసి వీటి జోలికి వెళ్లకండి. మోడల్‌కు సరిపోని డ్రైవర్ వేసి, సౌండు, వైఫై కూడా పోగొట్టుకుని వచ్చినవాళ్లను చూశాను.

రిజిస్ట్రీలో టీడీఆర్ సమయం పెంచడం. చిప్ రెండు సెకన్లు పలకకపోతే విండోస్ డ్రైవర్‌ను తిరిగి లేపుతుంది. ఆ గడువు పెంచితే జబ్బు తగ్గదు, స్క్రీన్ బిగుసుకుపోయే సమయం పెరుగుతుంది.

పరీక్ష మధ్యలో, ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మధ్యలో స్క్రీన్ ఆగిపోతే పవర్ బటన్ నొక్కి పట్టుకోవడం. దానికన్నా ముందు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. ఒక బీప్ వచ్చి, స్క్రీన్ ఒకసారి మిటకరించి గ్రాఫిక్స్ డ్రైవర్ మాత్రమే మళ్లీ మొదలవుతుంది. తెరిచిన ఫైళ్లు అలాగే ఉంటాయి. ఈ నాలుగు మీటలు గుర్తుపెట్టుకోండి.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే, లేదా బయాస్‌లోనే మినుకు కనిపిస్తే షాపుకు వెళ్లాల్సిందే. ముందు వారంటీ ఉందేమో సీరియల్ నంబర్‌తో కంపెనీ సైట్‌లో చూడండి, ఉంటే బయట షాపులో తెరిపించవద్దు. వారంటీ అయిపోయి ఉంటే బయాస్‌లో తీసిన వీడియో, మీరు అంకెలు రాసుకున్న కాగితం తీసుకెళ్లండి. ప్యానెల్ మార్చాలంటే, మార్చే ముందు ఇంకో మంచి ప్యానెల్ తాత్కాలికంగా తగిలించి అరగంట బ్యాటరీ మీద నడిపి చూపించమని అడగండి. దానికి ఒప్పుకున్నాకే డబ్బు మాట్లాడండి. పాత ప్యానెల్ కూడా తిరిగి ఇవ్వమనండి.